విదేశీ షేర్లు: ఖాతా తెరిచి నేరుగా కొనాలా, రసీదు చాలా?

చర్చ ప్రారంభించినవారు:
విదేశీ కంపెనీలో వాటా కావాలంటే ఆ దేశపు మార్కెట్‌లోనే కొనాలన్న వాదన నాకు సమ్మతం కాదు. టోక్యోలో టయోటా షేర్లు 100 చొప్పున లాట్లుగా అమ్ముడవుతాయి. న్యూయార్క్‌లో అదే కంపెనీ డిపాజిటరీ రసీదు (షేర్లకు బదులుగా బ్యాంకు ఇచ్చే పత్రం) ఒక్కటి కొన్నా అందులో 10 షేర్లు ఇమిడి ఉంటాయి. చిన్న మదుపరికి ఇంతకన్నా ఏం కావాలి?

మొదటి సమాధానం:
సౌలభ్యం నిజమేనండీ, కానీ రసీదు రసీదే. బ్యాంకు అసలు షేర్లను తన అధీనంలో ఉంచుకొని మీకు వాటి బదులు పత్రం ఇస్తుంది, అందుకు రుసుమును చాలాసార్లు మీ డివిడెండు (కంపెనీ పంచే లాభంలో మీ వాటా) లోంచే మినహాయించుకుంటుంది. 2022లో రష్యా తన కంపెనీల రసీదులను రద్దు చేయాలని చట్టం చేసినప్పుడు, వాటిని సకాలంలో షేర్లుగా మార్చుకోలేక చిక్కుకుపోయినవారు ఎందరో ఉన్నారు.

చర్చ ప్రారంభించినవారు:
అప్పుడు మాస్కోలో నేరుగా కొన్న విదేశీయులూ అమ్ముకోలేకపోయారు కదా! అది ఆ దేశంతో వచ్చిన ముప్పు, రసీదుతో వచ్చింది కాదు.

రెండవ సమాధానం:
మీ ఇద్దరి వాదనలోనూ పన్ను ఊసే లేదు. అమెరికా పౌరులు కాక, అక్కడ నివసించనివారికి ఆ దేశపు కంపెనీల డివిడెండుపై మామూలుగా 30 శాతం కోత పడుతుంది. అమెరికాతో పన్ను ఒప్పందం ఉన్న దేశస్థులు, తాము అమెరికావారు కామని తెలిపే డబ్ల్యూ-8 బెన్ ఫారం ఇస్తే అది తగ్గవచ్చు, అయితే సంతకం చేసిన ఏడాది తరువాత మూడవ సంవత్సరాంతానికి ఆ ఫారానికి సాధారణంగా కాలం చెల్లుతుంది. అంతకన్నా పెద్దది వారసత్వపు పన్ను: ఒప్పందపు రక్షణ లేనివారు పోయినప్పుడు వారికి అమెరికాలో ఉన్న ఆస్తి 60,000 డాలర్లు దాటితే వారసులు ఆ లెక్క తేల్చుకోవాలి. ఎందరి సొమ్మునో కలిపి పలు కంపెనీల షేర్లు కొనే, ఐర్లండులో నమోదైన ఫండు ద్వారా అవే షేర్లు కొంటే ఈ చిక్కు ఉండదు, డివిడెండుపై ఫండు స్థాయిలో పడే కోత కూడా 15 శాతమే. అందుకే నా ఓటు ఫండుకు.

కమిషను సున్నా అన్న ప్రకటన చూసి మురిసిపోకండి. మారకపు రేటులో బ్రోకరు ఒక శాతం కలుపుకుంటే 10,000 డాలర్ల కొనుగోలుపై 100 డాలర్లు అక్కడే పోతాయి, అమ్మి డబ్బు వెనక్కి తెచ్చుకునేటప్పుడు మరోసారి పోతాయి.

మొదటి సమాధానమిచ్చినవారు:
పన్ను సంగతి ఒప్పుకుంటాను. కానీ ఫండులో చేరాక నచ్చని కంపెనీని వదిలించుకునే వీలు లేదు, వాటాదారుల సమావేశంలో ఓటూ నాది కాదు. ఒకే కంపెనీని చదివి, నమ్మి కొనేవాడికి ఆ దారి పనికిరాదు.