నీలద్వీపం ఆసుపత్రుల్లో ఓపీ చీటీకి డబ్బు తీసుకోవాలా, వద్దా?

పటంగీసేవాడు: మనందరం కలిసి కట్టుకుంటున్న కల్పిత దేశం నీలద్వీపంలో ఈ వారం ఆరోగ్య వ్యవస్థ సంగతి తేలాలి. ఆసుపత్రులు పన్నుల డబ్బుతో నడుస్తాయని పోయినసారే ఖాయం చేశాం. ఓపీ చీటీ ఉచితమా, చిన్న రుసుమా? అదొక్కటే మిగిలింది. గొడవ పడకుండా చెప్పండి.

లెక్కలపుస్తకం: రుసుము ఉండాల్సిందే. బ్రిటన్ 1948లో అంతా ఉచితమంది. 1951లో కట్టుడుపళ్ళకీ కళ్ళద్దాలకీ, 1952లో మందుల చీటీలకీ వసూళ్ళు మొదలయ్యాయి. ఏ ఖజానా తట్టుకుంటుంది?

నైట్‌డ్యూటీ: ఆ 1951 వసూళ్ళు నచ్చకే, ఆ వ్యవస్థను నిలబెట్టిన బెవాన్ మంత్రి పదవి వదిలేశాడు. అదీ చెప్పండి. థాయ్‌లాండ్ కూడా 2002లో దేశమంతా తెచ్చిన 30 భాట్ల రుసుమును 2006లో తీసేసింది.

లెక్కలపుస్తకం: 2012లో మళ్ళీ పెట్టింది. సగం చెప్పి వదిలేస్తే ఎలా?

మూలకుర్చీ: నీలద్వీపానికి ఇంకా కరెన్సీయే లేదు. అప్పుడే రుసుము కోసం కొట్టుకుంటున్నారు.

లెక్కలపుస్తకం: మా అమ్మను ఉచిత ఆసుపత్రికి తీసుకెళ్తే బీపీ చూపించుకోవడానికే మధ్యాహ్నమైంది. మా ముందున్న వాళ్ళలో సగం మంది దగ్గుమందు సీసా కోసం వచ్చినవాళ్ళే. ఎంతో కొంత కట్టమంటే ఇంట్లోనే వేడినీళ్ళు తాగేవారు.

నైట్‌డ్యూటీ: దగ్గో న్యుమోనియానో మనిషి ముఖం చూసి మీకెలా తెలిసిందండీ? అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 1970లలో మొదలుపెట్టిన ప్రయోగంలో, జేబులోంచి కట్టమంటే అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదీ తగ్గింది. నేను పనిచేసిన చోటికి ఒక షుగర్ పేషెంట్ కాలిపుండుకి గుడ్డ చుట్టుకుని ఆలస్యంగా వచ్చాడు. విప్పితే బొటనవేలు నల్లబడిపోయి ఉంది. డ్రెస్సింగ్‌కి వచ్చిన ప్రతిసారీ డబ్బు కట్టాలని ఆగిపోయాడట. వేలు తీసేశారు.

లెక్కలపుస్తకం: అదే ప్రయోగంలో సగటు మనిషి ఆరోగ్యం పెద్దగా చెడలేదని కూడా తేలింది.

నైట్‌డ్యూటీ: పేదల్లో బీపీ ఉన్నవాళ్ళకి చెడింది. మీ సగటు మనిషి నా వార్డులో ఎప్పుడూ చేరలేదు.

కొత్తసభ్యుడు: జర్మనీలో 1883లో మొదలుపెట్టినట్టు జీతంలోంచి చందా పట్టుకుంటే?

పటంగీసేవాడు: పోయినసారే వీగిపోయింది. నీలద్వీపంలో ఎక్కువమంది చేపలు పట్టుకునేవాళ్ళు. జీతమే లేదు, ఏం పట్టుకుంటాం?

లెక్కలపుస్తకం: నేనేదో పేదల రక్తం తాగేవాణ్ణన్నట్టు మాట్లాడుతున్నారు. పన్ను కట్టేదీ నేనే, వరుసలో చివర నిలబడేదీ నేనేనా?

నైట్‌డ్యూటీ: ఇప్పుడు బయటపడ్డారు. వాళ్ళ పక్కన నిలబడటమే మీ బాధ.

లెక్కలపుస్తకం: కానే కాదు! మంత్రి అక్కడికి రాడు, ప్రైవేటుకి పోతాడు. డబ్బున్నవాళ్ళంతా పోతారు. మిగిలిన మా మాట వినేదెవరు? రుసుము కట్టినవాడు కనీసం కౌంటర్ దగ్గర గట్టిగా నిలదీయగలడు.

నైట్‌డ్యూటీ: నిలదీయడానికి రసీదు కావాలా? మంత్రుల వైద్యం ఖర్చు ప్రభుత్వాసుపత్రిలో అయితేనే ఇస్తామని రాయండి, చాలు.

లెక్కలపుస్తకం: అదీ రాయండి. రుసుమూ రాయండి.

నైట్‌డ్యూటీ: రుసుము రాస్తే నా ఓటు లేదు.

పటంగీసేవాడు: మంత్రుల నిబంధన చేర్చాను. చీటీ మీద ఓటింగ్ ఆదివారం దాకా.

మూలకుర్చీ: మంత్రుల బావమరుదులకి కూడా వర్తిస్తుందా?