ఫ్రీక్ షో ఓపెన్ అవ్వట్లేదు, ఎవరైనా సాయం చెయ్యండి ప్లీజ్

నిద్రలేనివాడు:
రెసిడెంట్స్ అనే అమెరికన్ బ్యాండ్ వాళ్ల ఫ్రీక్ షో ఇక్కడ ఎవరి దగ్గరైనా నడిచిందా? నిన్న సాయంత్రం కూర్చున్నవాణ్ణి, పాలవాడు వచ్చే టైమైంది, ఇంకా అక్కడే ఉన్నా. మామూలుగా పెడితే ఏమీ రాదు. వేరేలా పెడితే బొమ్మ కనిపిస్తుంది, నొక్కితే తెరుచుకోదు. నెట్‌లో దొరికిన చిట్కాలన్నీ అయిపోయాయి. డిస్కు మీద ఒక్క గీత లేదు, అద్దంలా ఉంది. ఇంత డబ్బు పోసి విదేశం నుంచి తెప్పించుకున్నది ఇందుకా? ఆదివారం మా ఫ్రెండ్స్‌కి చూపిస్తానని గొప్పగా చెప్పేశాను కూడా. తెలిసినవాళ్లు దారి చూపించండి.

గోదారిగట్టు:
ఈ రోజుల్లో సీడీ ఎందుకండీ. పాటల యాప్‌లో ఆ బ్యాండ్ పేరు కొట్టండి, ఫోన్‌లోనే వినేయొచ్చు.

నిద్రలేనివాడు:
వినడానికి కాదండీ బాబూ, చూడ్డానికి.

పాతపెట్టె:
ఏ డిస్కు. ఏ మిషను. ఏం మెసేజ్.

టేపులపిచ్చి:
సీడీ సంగతి అటుంచండి. ఫ్రీక్ షో అనగానే అందరూ ఎగబడతారు గానీ రెసిడెంట్స్‌ని అక్కణ్ణుంచి మొదలుపెడితే వాళ్లేంటో ఎప్పటికీ అర్థం కాదు. 1974లో బీటిల్స్ ఆల్బమ్ అట్ట మీద మొహాలకి కోరలూ కొమ్ములూ గీసినట్టు చేసి తమ మొదటి ఎల్పీ రికార్డు వేసినవాళ్లు. 1976లో థర్డ్ రైక్ అండ్ రోల్‌లో అరవైల నాటి హిట్ పాటల్ని ఖీమా కొట్టారు. 1979లో ఎస్కిమో, ఆ అట్ట మీదే కనుగుడ్డు తలకాయలు, పొడుగు టోపీలు, కోట్లు మొదటిసారి కనిపించాయి. ఆ మరుసటి ఏడాది కమర్షియల్ ఆల్బమ్, నిమిషానికో పాట లెక్కన 40 పాటలు. ఇదంతా టేపు మీద చేత్తో పండించిన పంట. వీళ్లతో గిటార్ వాయించిన స్నేక్‌ఫింగర్ 1987లో పోయాడు. ఆ తర్వాత వచ్చిందల్లా కంప్యూటరు, మిడీ (వాయిద్యాల్ని కంప్యూటరుతో నడిపించే పద్ధతి), కీబోర్డు. 1990 ఫ్రీక్ షో వినండి, వింత మనుషులంటూ టికెట్టు పెట్టి చూపించే గుడారం మీద చేసిన ఆల్బమ్ అది. ఆ గుడారంలో గాలి ఉండదు, దుమ్ము ఉండదు. అంతా ప్లాస్టిక్కే.

గోదారిగట్టు:
మాస్టారూ, కార్నివాల్ అంటేనే రేకు బూరలు, రంగు బల్బులు. దానికి ప్లాస్టిక్ శబ్దం కాక తంబురా శ్రుతి వెయ్యమంటారా? ఆల్బమ్ కట్టిన తీరు చూడండి ముందు. మొదటి పాటలో గుమ్మం దగ్గరివాడు జనాన్ని పిలుస్తాడు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో పాట. ఒళ్లు లేని తలకాయ హ్యారీ, నేల కింద బతికే హెర్మన్, పురుగుల వాండా, ఎముకల్లేని జెల్లో జాక్, గొణిగే మిక్కీ. చివరి పాట పేరే ‘బయటికెళ్లేటప్పుడు ఎవరూ నవ్వరు’ అని. టికెట్ కొన్న మనమే ఆఖరికి గుడారంలో మిగిలిపోతాం. మీ టేపు రోజుల్లో ఇంత సూటిగా ఒక కథ చెప్పారా వాళ్లు?

టేపులపిచ్చి:
కథ సూటిగా చెప్పడం గొప్పెప్పుడయింది? ఎస్కిమోలో మాటే లేదు, గాలీ గొణుగుడూ తప్ప. ఒకే ఆలోచన చుట్టూ అల్లిన ఆల్బమ్, కాన్సెప్ట్ ఆల్బమ్, దాన్ని మించింది చూపించండి.

గోదారిగట్టు:
మాటే లేనిది కాన్సెప్ట్ ఆల్బమ్ ఎలా అవుతుంది సార్, నేపథ్య సంగీతం అవుతుంది గానీ.

టేపులపిచ్చి:
అట్ట మీద ప్రతి ముక్కకీ కథ రాసి ఇచ్చారు. చదువుకుంటూ వినమని కూడా చెప్పారు. మీరు యాప్‌లో వింటారు కాబట్టి అట్ట చూసి ఉండరు.

పాతపెట్టె:
అడిగినదానికి జవాబు రాలేదు.

నిద్రలేనివాడు:
సారీ, కాసేపు కునుకు పట్టింది. విండోస్ 11 ల్యాప్‌టాప్, దానికి బయట తగిలించే డ్రైవు. డిస్కు వాయేజర్ కంపెనీది, 1994. నేను ఆల్బమ్ అనలేదు కదా, ఫ్రీక్ షో అన్నాను. మౌస్‌తో తిరిగే ఫ్రీక్ షో. గుడారంలోకి వెళ్లొచ్చు, వేదిక మీద ఒక్కొక్కరి ఆట చూడొచ్చు, వెనక్కెళ్తే వాళ్లుండే ట్రైలర్లు, అంటే బండి ఇళ్లు.

గోదారిగట్టు:
అరెరె, సీడీ-రామ్ ఆటా? అది ముందే చెప్పాలిగా బాసూ. మేమిక్కడ పాటల మీద కొట్టుకుంటున్నాం.

నిద్రలేనివాడు:
ఆట కాదండీ. గెలవడం ఓడడం లేదు. ఆల్బమే, కాకపోతే లోపల తిరిగే ఆల్బమ్.

టేపులపిచ్చి:
అయితే ఆల్బమే అన్నారన్నమాట. నేను మాట్లాడింది సరిపోయినట్టే.

పాతపెట్టె:
అట్ట మీద మ్యాకింటాష్ అని ఉందా, విండోస్ అని ఉందా?

నిద్రలేనివాడు:
మ్యాకింటాష్ అని ఉంది. అందుకే కదా ల్యాప్‌టాప్‌ని ఆపిల్ వాళ్ల పాత మ్యాక్‌లా నడిపించే ప్రోగ్రాము, ఎమ్యులేటర్, వేసింది.

పాతపెట్టె:
ఏ ఎమ్యులేటర్ అని ఇప్పుడు అడగాలి. ఒక్కో మాట పీకించుకోకుండా మొత్తం చెప్పండి.

చిత్రాంగి:
మీరు డిస్కు బాగుచేసుకునేలోపు ఒక మాట. ఆదివారం ఫ్రెండ్స్‌కి చూపిస్తానన్నారు. నవ్వుకోవడానికైతే మాత్రం వద్దు. ఆ గుడారాల్లో నిజంగా నిలబడినవాళ్లు ఉన్నారు. మన ఒడిశాలో 1888లో పుట్టిన అతుకు కవలలు రాధిక, దూదిక. చిన్నపిల్లలుగానే యూరప్‌కీ అమెరికాకీ తీసుకెళ్లి, టికెట్టు పెట్టి చూపించారు. దూదికకి క్షయ వస్తే 1902లో పారిస్‌లో డాక్టర్ దోయెన్ ఇద్దర్నీ కోసి విడదీశాడు, ఆ ఆపరేషన్‌ని సినిమా కూడా తీశాడు. దూదిక కొద్ది రోజులకే పోయింది, రాధిక మరుసటి ఏడాది. దక్షిణాఫ్రికా నుంచి సార్త్యే బార్ట్‌మన్ అనే ఆమెని 1810లో లండన్ తీసుకొచ్చి నిలబెట్టారు. 1815లో పారిస్‌లో చనిపోయాక ఆమె అస్థిపంజరాన్ని మ్యూజియంలో పెట్టారు. స్వదేశానికి పంపింది 2002లో. ఇదంతా చదివాక ఆ పేరుతో వచ్చిన దేన్నీ సరదాగా చూడలేను.

గోదారిగట్టు:
అక్కా, నిజమే గానీ అందరి కథా ఒకటి కాదు. టామ్ థంబ్ అని పిలిచిన పొట్టి మనిషి చార్లెస్ స్ట్రాటన్, షోల వ్యాపారి బార్నమ్ దగ్గర బోలెడు గడించాడు. 1850లలో బార్నమ్ దివాలా తీస్తే తిరిగి నిలబెట్టడానికి అతనితో కలిసి ఇంగ్లండ్ పర్యటనకి వెళ్లింది ఈయనే. ఫ్లోరిడాలో గిబ్సన్‌టన్ అనే ఊరుంది, సైడ్‌షో వాళ్లు, అంటే ఈ గుడారాల్లో ఆడేవాళ్లు, చలికాలం విశ్రాంతికి వచ్చి అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. పోస్టాఫీసులో పొట్టివాళ్లకి అందేలా కిందికి ఒక కౌంటరు పెట్టారు. గుడారాలు మూతపడుతుంటే మా కూడు తియ్యొద్దని గొడవ పెట్టినవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు.

చిత్రాంగి:
గడించినవాళ్ల పేర్లే మిగులుతాయి తమ్ముడూ. అతుకు కవలలు చాంగ్, ఎంగ్ కూడా బాగా గడించారు. నార్త్ కరోలినాలో పొలాలు కొన్నారు, ఇద్దరికీ కలిపి 21 మంది పిల్లలు. ఆ పొలాల్లో పనిచేసింది వాళ్లు కొన్న బానిసలు. ఒకళ్లు గడించారు కాబట్టి ఆ వ్యాపారం మంచిదని అనుకుంటే ఇంకేం మాట్లాడతాం.

తిరునాళ్ళరాజా:
చిన్నప్పుడు మా ఊరి తిరునాళ్లలో పాము ఒళ్లున్న అమ్మాయి గుడారం వచ్చేది. తల అమ్మాయిది, ఒళ్లు పాముది. ‘శాపం తగిలిన రాజకుమారి’ అని మైకులో అరుపు. ఆ అమ్మాయి పేరు అడిగితే చెప్పేది, ఊరు అడిగితే బుసకొట్టేది. పెద్దయ్యాక తెలిసింది, పెట్టెలో రెండు అద్దాలు ఏటవాలుగా పెడతారంట, పక్క గోడలు వెనక గోడలా కనిపిస్తాయంట, మనిషి ఒళ్లు ఆ అద్దాల వెనకాల. ఆ అమ్మాయి మధ్యలో ఆవలించింది కూడా. ఈ బ్యాండు వాళ్లకి అది తెలిస్తే ఒక పాట కట్టేవాళ్లు.

చిత్రాంగి:
అదీ నేననేది. ఆ పిల్లకి రోజుకి ఎన్ని ఆటలో, ఆ పెట్టెలో ఎంతసేపో.

నిద్రలేనివాడు:
అయ్యా, అమ్మా, నా డిస్కు! చిత్రాంగి గారూ, నవ్వుకోవడానికి కాదు. ట్రైలర్ల వెనక వాళ్ల సొంత కథలు చెప్పిన తీరు చూపించాలనే. అందులో అసలు సైడ్‌షో మనుషుల పాత ఫొటోలు కూడా ఉన్నాయట.

పాతపెట్టె గారూ, ఎమ్యులేటర్ పేరు బేసిలిస్క్ 2, అందులో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్, సిస్టమ్ 7.5. అది బ్రహ్మాండంగా లేస్తోంది. డిస్కు విండోస్‌లో కనబడదు కాబట్టి ముందు ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి ఒకే ఫైలుగా నకలు, తీశా. మ్యాక్ డిస్కుల్ని విండోస్‌లో చదివే హెచ్‌ఎఫ్‌వీ ఎక్స్‌ప్లోరర్‌తో ఆ ఇమేజ్‌ని తెరిచి ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి లాగాను. ఆ ఫోల్డర్‌ని బేసిలిస్క్‌కి షేర్ చేశా. లోపల అన్నీ కనబడుతున్నాయి. నొక్కితే ‘దీన్ని తయారుచేసిన అప్లికేషన్ దొరకలేదు’ అంటోంది. ఇంక ఎలా చెప్పను?

పాతపెట్టె:
ఇది మొదట్లోనే రాసుంటే రాత్రే అయిపోయేది.

ఫైళ్లు బయటికి లాగకూడదు. ఆ కాలపు మ్యాక్ ఫైలుకి రెండు భాగాలు. ఒకటి డేటా, ఇంకోటి రిసోర్స్. అప్పటి ప్రోగ్రాముల అసలు కోడ్, ఐకాన్లు, మెనూలు అన్నీ రిసోర్స్ భాగంలో ఉంటాయి. విండోస్ ఫోల్డర్‌లోకి ముడిగా కాపీ చేస్తే డేటా భాగం ఒక్కటే వస్తుంది. మీకు కనిపిస్తున్నవి ఖాళీ డొల్లలు. ఫైలు రకం, ఏ ప్రోగ్రాముది అనే గుర్తులూ అక్కడే ఊడిపోతాయి, అందుకే ఆ మెసేజ్.

ఇమేజ్ ఉందన్నారు కదా. దాన్నే బేసిలిస్క్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్స్ జాబితాలో చేర్చండి. ఫోల్డర్ షేరింగ్ తీసెయ్యండి.

నిద్రలేనివాడు:
అంటే ఇమేజ్‌ని డైరెక్టుగా? అది కూడా చేసినట్టే గుర్తు.

పాతపెట్టె:
ఎలా తీశారు ఇమేజ్?

నిద్రలేనివాడు:
ఇమ్‌జ్‌బర్న్ అని డిస్కు నకలు తీసే ప్రోగ్రాములో రీడ్ కొట్టి. ఐఎస్‌ఓ ఫైలు వచ్చింది. సైజు దాదాపు డిస్కంత ఉంది.

పాతపెట్టె:
చాలు. ఐఎస్‌ఓ అని ఉన్నా లోపల మ్యాక్ ఫార్మాటే. డ్రైవు గడులన్నీ వరసగా చదివి రాసింది కాబట్టి రెండు భాగాలూ భద్రంగా ఉంటాయి. ఐఎస్‌ఓకి బదులు బిన్, క్యూ ఫైళ్లు వచ్చుంటే ఆడియో ట్రాకులు విడిగా ఉండొచ్చు. అప్పుడు వేరే సంగతి.

ఇంకోటి. లోపల మానిటర్స్ కంట్రోల్ ప్యానెల్‌లో 256 రంగులు పెట్టండి. లక్షల రంగుల్లో ఉంచితే ఆ కాలపు ప్రోగ్రాములు మొరాయిస్తాయి, లేదా రంగులు చెదిరిపోతాయి. బేసిలిస్క్‌కి మెమరీ మరీ ఎక్కువ ఇవ్వకండి.

టేపులపిచ్చి:
1990లో చేసిన సంగీతానికి ఇంత తతంగం. నా 1974 ఎల్పీ ఇప్పటికీ సూది పెడితే మోగుతుంది.

గోదారిగట్టు:
సూది ఎక్కడ దొరుకుతోంది మాస్టారూ ఇప్పుడు, అది చెప్పండి.

టేపులపిచ్చి:
దొరుకుతుంది. వెతుక్కునే ఓపిక ఉండాలి.

బూట్‌లోడర్:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పాత మ్యాక్ రామ్ ఫైలు ఎక్కణ్ణుంచి తెచ్చారు? మీ సొంత మ్యాక్‌లోంచి తియ్యకపోతే అది కాపీరైటు ఉల్లంఘనే. సిస్టమ్ 7.5.3ని ఆపిల్ వాళ్లే ఒకప్పుడు ఉచితంగా ఇచ్చారు, అది వేరు. రామ్ ఎప్పుడూ ఉచితంగా ఇవ్వలేదు. ఈ తేడా ఎవరూ పట్టించుకోరు.

పాతపెట్టె:
అడిగింది అది కాదు.

బూట్‌లోడర్:
అడిగారని నేననలేదు. తెలుసుకోవాలని చెప్పాను. ఎమ్యులేటర్ చట్టబద్ధమే, రామ్ సంగతి వేరు.

గోదారిగట్టు:
ఏ రామ్ సార్? ఒకాయన సీడీ-రామ్ అంటారు, మీరు రామ్ అంటారు, నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది.

బూట్‌లోడర్:
కంప్యూటర్ లేవగానే మొదట చదివే చిప్పులో ఉండేది. డిస్కుకీ దానికీ సంబంధం లేదు. మెమరీకి అంతకన్నా లేదు.

చిత్రాంగి:
ఒక సందేహం. విండోస్ వాళ్లకి విడిగా వేసిన డిస్కు అయితే ఇప్పటి కంప్యూటర్లో నేరుగా నడుస్తుందా? మా అబ్బాయి అడుగుతున్నాడు. నేను చూస్తానని అనట్లేదు.

పాతపెట్టె:
నడవదు. ఆ కాలపు విండోస్ ప్రోగ్రాములు చాలావరకు 16 బిట్ అనే పాత రకం. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాముల్ని అస్సలు ముట్టుకోదు. వాటిని నడపగల 32 బిట్ రకం విండోస్ 11లో లేనే లేదు. విండోస్ 95ని వర్చువల్‌గా, అంటే కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరులా, వేసుకోవాలి.

తిరునాళ్ళరాజా:
ఆ డిస్కులో బొమ్మలన్నీ ఎవరు వేశారు? బ్యాండు వాళ్లేనా?

గోదారిగట్టు:
జిమ్ లడ్కీ అనే యానిమేటర్. 1995లో వీళ్లదే ఇంకో సీడీ-రామ్ వచ్చింది, బ్యాడ్ డే ఆన్ ది మిడ్‌వే, దానికీ ఆయనే. అదే ఏడాది ప్రేగ్‌లో ఆర్చా థియేటర్‌లో ఫ్రీక్ షోని నాటకంలా వేదిక మీద ఆడారు. అంతకుముందు 1992లో డార్క్ హార్స్ వాళ్లు కామిక్ పుస్తకంగా వేశారు. ఒక్క ఆల్బమ్‌ని ఇన్ని రకాలుగా పిండినవాళ్లు తక్కువ.

టేపులపిచ్చి:
పిండారు, సరైన మాట వాడారు.

నిద్రలేనివాడు:
వచ్చింది!! గుడారం వచ్చింది. కోటు వేసుకున్నవాడు పిలుస్తున్నాడు. ఇమేజ్‌ని వాల్యూమ్స్‌లో పెట్టి 256 రంగులు చేశా, అంతే. వాండా పురుగుల గిన్నె పట్టుకుని నిలబడింది. కాకపోతే పాట తెగి తెగి వస్తోంది, నోరు ఒకచోట, మాట ఒకచోట. మౌస్ కదిపితే ఇంకా తెగుతోంది. దానికేం చెయ్యాలి?

బూట్‌లోడర్:
ఎమ్యులేటర్ వేగం పెంచే జిట్ అనే సెట్టింగ్ ఆన్ చేశారా?

నిద్రలేనివాడు:
అదెక్కడుంటుంది?

చిత్రాంగి:
వెనక ట్రైలర్లలోకి వెళ్లారా? ఆ ఫొటోల్లో రాధిక, దూదిక ఉన్నారేమో చూసి చెప్పండి.

టేపులపిచ్చి:
తెగి తెగి వచ్చినా పెద్ద తేడా ఉండదులెండి, మిడీయే కదా.

గోదారిగట్టు:
మొదలుపెట్టారు మళ్లీ.

నిద్రలేనివాడు:
ట్రైలర్లలోకి ఇంకా వెళ్లలేదు, ఆఫీసు టైమైంది. పాతపెట్టె గారికి థాంక్స్. సౌండు సంగతి సాయంత్రం చూస్తా.

బూట్‌లోడర్:
జిట్ సెట్టింగ్ బేసిలిస్క్ విడుదలని బట్టి ఉంటుంది. మీది ఏది? ఏ సంవత్సరంది?

బూట్‌లోడర్:
?

తిరునాళ్ళరాజా:
ఇలాంటి డిస్కు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది? మ్యాక్‌దైనా పర్లేదు.