మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలికి సైకిల్ మీద

ప్రశ్న: మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలిలోని ఆఫీసుకు రోజూ సైకిల్ మీద వెళ్లాలనుకుంటున్నాను. దూరం కన్నా టోలిచౌకి రద్దీ, చేరేసరికి చెమటతో తడిసే చొక్కా నన్ను వెనక్కి లాగుతున్నాయి. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1: ఉదయం ఏడు లోపు బయలుదేరితే ఆ రెండు ఇబ్బందులూ చాలావరకు తగ్గుతాయి. షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కకండి. కింది రోడ్డులోనూ ఆటోలు చెప్పాపెట్టకుండా ఆగుతాయి, ఆగి ఉన్న కార్ల తలుపులు హఠాత్తుగా తెరుచుకుంటాయి కనుక వాటికి బారెడు దూరంలో తొక్కండి. వేరే చొక్కా సంచిలో ఉంచుకోండి.

జవాబు 2: 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ బాట ప్రారంభించారు గానీ, నా దృష్టిలో అది ఆదివారపు షికారుకే తప్ప ఆఫీసుకు వెళ్లేవారికి అక్కరకు రాదు.

జవాబు 3: మడ్‌గార్డులు తీయించకండి, వానాకాలంలో వీపంతా బురదవుతుంది. అయితే సాయంత్రం కార్లన్నీ కదలక హారన్లు మోగిస్తుంటే, వాటి పక్కనుంచి సాగిపోవడంలోని ఆనందం అంతా ఇంతా కాదండీ.