మడత రెక్కల ముందు స్పార్‌కి ఏది పెట్టాలి: బోల్టా, బాల్ లాక్ పిన్నా?

కొత్తరెక్క
అందరికీ నమస్కారం. రెండు సీట్ల హై వింగ్ (రెక్క పైన ఉండే) విమానం కడుతున్నాను, రెక్కలకి స్ట్రట్‌లు (రెక్కని కింద నుంచి విమానం ఒంటికి కలిపే కడ్డీలు) ఉన్నాయి. వెనక స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) దగ్గర ఉన్న కీలు మీద రెక్క తిరిగి తోక పక్కకి మడుచుకుంటుంది. ముందు స్పార్ మొదట్లో ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) వైపు రెండు చెవుల ఫోర్క్, స్పార్ వైపు ఆ చెవుల మధ్య దూరే లగ్ (బెజ్జం ఉన్న పలక). రెండింటినీ కలిపేది 3/8 అంగుళం బోల్ట్. ప్లాన్‌లో ఏఎన్6 బోల్ట్ (విమానాల ప్రమాణం ప్రకారం 3/8 సైజు), క్యాజిల్ నట్ (పైన గాళ్లు ఉన్న నట్), అది తిరగకుండా స్ప్లిట్ పిన్ అని ఉంది. మడిచిన ప్రతిసారీ ఇవన్నీ విప్పి బిగించాలి కాబట్టి, బటన్ నొక్కితే ఊడివచ్చే బాల్ లాక్ పిన్ పెడదామనుకుంటున్నా. వాడినవాళ్లు చెప్పండి.

రివెట్‌గన్
ప్లాన్‌లో ఏముంటే అదే పెట్టండి.

పాతస్పానర్
రివెట్‌గన్ గారు ఒక్క ముక్కలో చెప్పేశారు, నేను కారణం చెబుతాను. ఏఎన్ బోల్ట్ షియర్ బలం (అడ్డంగా కోసే లోడ్‌ని తట్టుకునే బలం) చదరపు అంగుళానికి 75,000 పౌండ్లు. 3/8 బోల్ట్‌కి ఒక్క కోత దగ్గర సుమారు 8,280 పౌండ్లు వస్తుంది. ఫోర్క్‌లో రెండు కోతలు కాబట్టి దానికి రెట్టింపు. బాల్ లాక్ పిన్ మధ్యలో బటన్ కడ్డీ కోసం బెజ్జం ఉంటుంది. అదే సైజులో, అదే ఉక్కుతో చేసినా గట్టి బోల్ట్ అంత బలం రాదు. చివర్లో ఉండే చిన్న బాల్స్ పిన్ జారిపోకుండా ఆపడానికే తప్ప లాగుడు లోడ్ మోయడానికి కావు.

ఇంకొకటి. సర్టిఫైడ్ విమానాలకి పాత ఎఫ్ఏఆర్ (అమెరికా విమాన నియమావళి) 23.607లో ఒక నియమం ఉండేది. ఏ ఫాస్టెనర్ ఊడితే విమానం క్షేమంగా దిగలేదో, దానికి రెండు రిటైనింగ్ ఏర్పాట్లు ఉండాలి. మనం ఇంట్లో కట్టుకునే వాటికి అది వర్తించదు, నిజమే. కానీ గాలిలో రెక్కకి అది ఎవరు కట్టిన విమానమో తెలియదు కదా. క్యాజిల్ నట్‌కి మర ఒకటి, స్ప్లిట్ పిన్ రెండోది. బాల్ లాక్ పిన్‌కి రెండోది ఏది?

గ్లైడర్‌దారి
పాతస్పానర్ గారి లెక్క తప్పని నేననను. కానీ ఆ లెక్క ఈ ప్రశ్నకి జవాబు కాదు. స్ట్రట్ ఉన్న రెక్కలో లిఫ్ట్‌లో (గాలి రెక్కని ఎత్తే బలంలో) ఎక్కువ భాగాన్ని స్ట్రట్ లాగిపట్టుకుంటుంది, స్పార్ మొదలు ఫ్యూజలాజ్ వైపు నొక్కుకుంటుంది. సరైన సైజు పిన్ సరిగ్గా పెడితే అది తెగుతుందేమోనన్న భయం నాకు లేదు. పిన్ పెట్టడం మర్చిపోతామేమో, సగమే పెడతామేమో అన్నదే నా భయం.

గ్లైడర్లు ఎగరేసేవాళ్లం ప్రతి రోజూ రెక్కలు బిగిస్తాం. కంట్రోల్ రాడ్లని కలిపే లోటెలియర్ బాల్ జాయింట్ల గురించి మాలో ఎవరినైనా అడగండి. కలిపినట్టే కనిపించి కలవని జాయింట్ల వల్ల మనుషులు పోయారు. అందుకే వాటికి సేఫ్టీ పిన్ గానీ, వెడెకిండ్ స్లీవ్ (జాయింట్ తెరుచుకోకుండా ఆపే తొడుగు) గానీ పెట్టమన్నారు. అవన్నీ బలంలో పాసైన జాయింట్లే.

తోకచక్రం
నైలాక్ నట్ వేస్తే స్ప్లిట్ పిన్ గొడవే ఉండదు కదా?

పాతస్పానర్
తోకచక్రం గారూ, దయచేసి వద్దు. నైలాక్ పట్టు అంతా లోపలి నైలాన్ రింగ్ రాపిడిదే. విప్పి బిగించేకొద్దీ అది అరుగుతుంది. వేలితో తిరిగిపోయే నైలాక్‌ని పారేయాలి. వారం వారం విప్పే చోట అది ఎన్నాళ్లుంటుంది?

గ్లైడర్‌దారి గారూ, మర్చిపోవడానికి మందు చెక్‌లిస్ట్. మర్చిపోతామని బలహీనమైన పిన్ పెట్టుకుంటామా?

గ్లైడర్‌దారి
బలహీనమైనది పెట్టమని నేనెక్కడ అన్నాను? చెక్‌లిస్ట్ అన్నారు కాబట్టి చెబుతున్నా. 1960లో ఇటలీలోని నేపుల్స్‌లో నేవీ ఎఫ్-8 క్రూసేడర్ రెక్కల చివర్లు మడిచి ఉండగానే టేకాఫ్ అయింది. శిక్షణ పొందిన పైలట్, చుట్టూ గ్రౌండ్ సిబ్బంది, చేతిలో చెక్‌లిస్ట్. విమానం తిరిగి దిగింది, పైలట్ బతికాడు. మన విమానానికి ఆ గుర్రపు బలం లేదు.

గాలిపటం
పిన్ ఏ దిక్కు నుంచి దూరుస్తున్నారు? ఇది ఎవరూ అడగలేదు. బోల్ట్ తల పైకి గానీ ముందుకి గానీ ఉండాలి, అలా అయితే నట్ ఊడినా బోల్ట్ పడిపోదు. ఆ తర్వాతే మిగతా చర్చ.

కొత్తరెక్క
ముందు నుంచి వెనక్కి, అడ్డంగా.

గాలిపటం
అయితే తల ముందు వైపు పెట్టండి.

పాతస్పానర్
దిక్కు బాగానే ఉంది, అసలు విషయం పక్కకి పోతోంది. కొత్తరెక్క గారూ, మీరు కొనబోయే బాల్ లాక్ పిన్ గ్రిప్ పొడవు (తల నుంచి బాల్స్ వరకు) ఎంత? ఫోర్క్ రెండు చెవులు, లగ్, వాషర్లు కలిపిన మందం కన్నా గ్రిప్ కాస్త తక్కువైనా బాల్స్ బయటికి రావు, బెజ్జంలోనే నొక్కుకుని ఉంటాయి. బయటి నుంచి చూస్తే పిన్ కూర్చున్నట్టే ఉంటుంది. పెయింటు పేరుకున్నా, గ్రీజు ఎండినా అంతే. నేను ఒకరి విమానంలో అలాంటి పిన్‌ని రెండు వేళ్లతో పట్టి లాగితే చేతిలోకి వచ్చేసింది. ఆయన ముందు రోజే దాంతో ఎగిరాడు.

గ్లైడర్‌దారి
ఆ పిన్‌లో బటన్ పూర్తిగా పైకి వచ్చి ఉండదు. వేలు పెట్టి చూస్తే తెలిసేది. పెట్టాక ఒకసారి లాగి చూడటం కూడా నేర్పాలి. మీరు చెప్పింది మనిషి చూడలేదన్న సాక్ష్యం, పిన్ పనికిరాదన్న సాక్ష్యం కాదు.

స్ప్లిట్ పిన్ సంగతీ చెప్పుకుందాం. ఒకసారి వంచినదాన్ని మళ్లీ వాడకూడదు. సాయంత్రం చీకటి పడుతుంటే, ప్లయర్ కనబడకపోతే, పాత పిన్నే వేలితో వంచి పెట్టేవాళ్లని ఎంతమందిని చూశాను! మీ పుస్తకంలో క్యాజిల్ నట్‌కి రెండు ఏర్పాట్లు. ఆ చీకట్లో ఒకటిన్నర.

పాతస్పానర్
పనిలో శుభ్రత లేనివాళ్ల కోసం డిజైన్ మారుస్తామా? అలాంటివాళ్లు ఎగరకపోతే అందరికీ మంచిది. ముప్ఫై ఏళ్లుగా రెంచి పడుతున్నాను, నాకు ఎవరో వచ్చి బటన్ పాఠాలు చెప్పనక్కర్లేదు.

గ్లైడర్‌దారి
ముప్ఫై ఏళ్లు సరే సార్. మీరు మీ రెక్క ఆఖరిసారి ఎప్పుడు మడిచారు? అదొక్కటి చెప్పండి.

రివెట్‌గన్
కొంచెం తగ్గండి ఇద్దరూ.

పాతస్పానర్
చెబుతాను. ఆరేళ్లయింది.

నా విమానం రెక్కలూ మడుచుకుంటాయి. మొదటి రెండేళ్లు ప్రతిసారీ మడిచేవాణ్ని. ఒక రోజు సాయం పట్టడానికి ఒక కుర్రాడు వచ్చాడు. నేను రెక్క చివర ఎత్తి పట్టుకున్నాను, అతను ముందు పిన్ దూర్చి, "అయిందండీ" అన్నాడు. అవతలి పక్క ఎలిరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) రాడ్ కలుపుతూ నేను చూడలేదు. ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు ఎందుకో టార్చ్ వేసి కింద నుంచి చూశాను. పిన్ ముందు చెవి దాటింది, లగ్ దాటింది, వెనక చెవి అంచు దగ్గర ఆగింది. అర అంగుళం. నట్ అతని జేబులోనే ఉంది, "తర్వాత పెడదామనుకున్నా" అన్నాడు. ఆ రోజు ఎగరలేదు. ఆ తర్వాత రెక్క మడవలేదు. హ్యాంగర్ అద్దె కడుతున్నాను.

కాబట్టి నాది పిన్ గొడవ కాదు. రెక్కని ప్రతి ఎగురుడుకీ విప్పడమే నాకు నచ్చదు. మడత ఉండాల్సింది ట్రైలర్ మీద తీసుకెళ్లడానికి, ఏడాదికి రెండుసార్లు. విప్పడం కష్టంగా ఉంటే మనిషి తక్కువసార్లు విప్పుతాడు. నాకు కావలసింది ఆ కష్టమే.

గ్లైడర్‌దారి
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కోపంలో అన్నమాటకి మన్నించండి.

కానీ ఇక్కడే మీకూ నాకూ కుదరదు. నాకు హ్యాంగర్ లేదు, దొరకదు. రోజూ విప్పకపోతే ఎగరడమే లేదు. నాలాంటివాడికి కష్టమైన ఫాస్టెనర్ ఇస్తే తక్కువసార్లు విప్పడు, అన్నిసార్లూ విప్పి తొందరలో బిగిస్తాడు. మీ కుర్రాడి కథలో ఉన్నది నట్‌తో బిగించే ఏర్పాటే కదా? నట్ జేబులోకి వెళ్లగలిగింది కాబట్టే వెళ్లింది. విడి భాగం ఏదీ లేకుండా అన్నీ తీగతో విమానానికే కట్టి ఉంటే, ఒక ఎర్ర రిబ్బన్ వేలాడుతూ ఉంటే, మీ టార్చ్ అవసరం పడేది కాదు.

పాతస్పానర్
రిబ్బన్‌ని నమ్మి నేను ఎగరను. అయినా కొత్తరెక్క గారు చెప్పాలి, ఎన్నిసార్లు మడుస్తారు? ఎవరు సాయం?

కొత్తరెక్క
ప్రతి వారం. ఒక్కణ్నే.

పాతస్పానర్
అయితే నా సలహా కొంచెం మారుతుంది. బాల్ లాక్ పిన్ మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను. తల ఉన్న గట్టి క్లెవిస్ పిన్ తీసుకోండి, చివర్లో అడ్డంగా బెజ్జం ఉండేది. అందులో ఏఎన్416 లాంటి సేఫ్టీ పిన్ దూర్చండి. కొక్కెంలో పడితే మూసుకుంటుంది, పడకపోతే తెరిచి ఉన్నట్టు కంటికే తెలుస్తుంది. వెనక చెవి దాటి బెజ్జం బయటికి రాకపోతే సేఫ్టీ పిన్ దూరదు. మా కుర్రాడి అర అంగుళం అక్కడే పట్టుబడేది. గ్లైడర్‌దారి గారు అన్నట్టు రెండింటినీ తీగతో కట్టండి. ప్లాన్ ఇచ్చినవాళ్లని అడగకుండా మాత్రం మార్చొద్దు.

గ్లైడర్‌దారి
దానికి నాకు అభ్యంతరం లేదు. బాల్ లాక్ అయినా మంచి కంపెనీది, రేటింగ్ కాగితం ఉన్నది అయితే నేను వాడతాను, వాడుతున్నాను.

తోకచక్రం
ముందు పిన్ గురించే అందరూ. వెనక కీలులో ఏముంది? మడిచేటప్పుడు తిరిగేది అదే కదా.

కొత్తరెక్క
వెనక ఏఎన్6, దానికి నైలాక్. ఎప్పుడూ విప్పం కదా అని పెట్టాను.

పాతస్పానర్
ఇప్పుడే మార్చండి. తిరిగే బోల్ట్‌కి ఒక్క నైలాక్ ఎప్పుడూ వేయకూడదు. ఆ పాత 23.607లోనే ఉండేది, పనిలో తిరిగే బోల్ట్‌కి సెల్ఫ్ లాకింగ్ నట్ (నైలాక్ లాంటిది) వేస్తే రాపిడి మీద ఆధారపడని లాక్ ఇంకొకటి ఉండాలని.

గాలిపటం
మడతపెట్టడం "పనిలో తిరగడం" కిందికి వస్తుందా? గాలిలో తిరగదు కదా.

పాతస్పానర్
నియమంలో మాట ఎలా ఉన్నా, లగ్ తిరిగినప్పుడల్లా బోల్ట్‌నీ నట్‌నీ తనతో తిప్పడానికి చూస్తుంది. అక్కడ బెజ్జం ఉన్న బోల్ట్, క్యాజిల్ నట్, స్ప్లిట్ పిన్. చెవులు ఒంగేలా బిగించకండి, రెక్క తిరగడానికి సందు ఉండాలి.

కొత్తరెక్క
షెడ్డుకి వెళ్లి ఎడమ వెనక బోల్ట్ తీశాను. ఇంతవరకు ఓ ఇరవైసార్లు మడిచి ఉంటాను, అంతే. నట్ రెంచి లేకుండా చివరి రెండు చుట్లు వేళ్లతోనే వచ్చింది. బోల్ట్ మీద లగ్ కూర్చునే చోట మెరిసే గీత పడింది. ఇంకో సంగతి, మర రెండు చుట్లు చెవి లోపలికి వచ్చి ఉంది, అంటే గ్రిప్ (బోల్ట్‌లో మర లేని భాగం) నేను తప్పుగా కొలిచాను. కుడి పక్కది ఇంకా తీయలేదు.

పాతస్పానర్
కుడిదీ తీయండి. బెజ్జం గుండ్రంగానే ఉందో లేదో రెండు దిక్కుల్లో కొలవండి. ఏఎన్ బోల్ట్‌లు 1/8 అంగుళం తేడాతో దొరుకుతాయి, తర్వాతి పొడవుది తీసుకుని ఏఎన్960-616 వాషర్‌తో సరిచేసుకోండి. కొలతలు ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను. అంతవరకు ముందు పిన్ మాట ఎత్తొద్దు.