మేడ మీద రైలు: 16.5 మి.మీ. పట్టాల మీద మన బ్రాడ్ గేజ్ కట్టడం తప్పా?

విజయనగరం మేడగది:
మేడ మీద గదిలో మోడల్ రైలు కోసం ఎనిమిదికి నాలుగడుగుల ప్లైవుడ్ బల్ల వేసి ఆరు నెలలైంది. హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు; రెండు పట్టాల మధ్య వెడల్పు (గేజ్) 16.5 మి.మీ. విజయనగరం జంక్షన్‌ని గుర్తుచేసే స్టేషన్ కట్టాలని, రాయపూర్ లైను విడిపోయే చోటు కూడా చూపించాలని నా కోరిక. మొన్న ఫొటో పెడితే ఒకాయన "పసుపు బోర్డు పెట్టినంత మాత్రాన మన రైలు అయిపోదు, పట్టాల వెడల్పే తప్పు" అన్నారు. ఆ మాట రెండు రోజులుగా బుర్రలోంచి పోవడం లేదు. బజారులో దొరికే పట్టాలు ఇవే కదా, ఇంటికొచ్చినవాళ్ళు ఎవరు స్కేలు పెట్టి కొలుస్తారు అని నా వాదన. మీరేమంటారు?

టెక్కలి చిన్నబండి:
ఆయన చెప్పిన లెక్క నిజమే అన్నయ్యా. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19.3 దాకా వస్తుంది. 16.5 అనేది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయేది. పక్కనుంచి చూస్తే ఏమీ తెలియదు, బండి మీకు ఎదురుగా వస్తున్నప్పుడు మాత్రం పెద్ద పెట్టె సన్నని చక్రాల మీద నిలబడినట్టు కనిపిస్తుంది.

నన్నడిగితే అంతకంటే పెద్ద చిక్కు పొడవు. ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె ఒక్కటి దాదాపు 22.3 మీటర్లు, 1:87లో అది 25 సెంటీమీటర్లు దాటుతుంది. ఇరవై పెట్టెల ఎక్స్‌ప్రెస్ అంటే అయిదు మీటర్ల పైమాటే. మీ బల్ల రెండున్నర మీటర్లు కూడా లేదు! నాలుగు పెట్టెలు కట్టి దాన్ని ఎక్స్‌ప్రెస్ అనుకోవాలి, పైగా ఆ నాలుగడుగుల వెడల్పులో మలుపు తిప్పేసరికి పెట్టెల మధ్య భాగం పట్టాలు దాటి లోపలికి వచ్చేస్తుంది.

మా శ్రీకాకుళం జిల్లాలోనే ఆ బల్లకి సరిగ్గా సరిపోయే రైలు ఒకటి నడిచింది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931 నాటికి గుణుపూర్ దాకా వెళ్ళిన చిన్న లైను, గేజ్ 762 మి.మీ. దాన్ని 87తో భాగించి చూడండి: 8.76. హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేలు పట్టాలు 9 మి.మీ. పావు మిల్లీమీటరే తేడా! బ్రాడ్ గేజ్‌లో దాదాపు మూడు మిల్లీమీటర్లు తప్పుతున్నాం, ఇక్కడ కంటికి ఆనని తేడా. చిన్న ఇంజను, పొట్టి పెట్టెలు నాలుగు, బిగుతు మలుపులు, అన్నీ ఆ బల్లలో పట్టేస్తాయి. చిన్నప్పుడు పాతపట్నంలో మా పెద్దమ్మ ఇంటికి ఆ బండిలోనే వెళ్ళేవాళ్ళం. 2004లో ఆపేసి బ్రాడ్ గేజ్ వేశారు. ఇప్పుడా చిన్న పట్టాలు లేవు. ఇళ్ళల్లో బల్లల మీదైనా మనం కట్టకపోతే ఇంకెవరు కడతారు?

బొబ్బిలి వేగావతి:
మీ అభిమానం అర్థమైంది గానీ ఆ బాధ్యత ఆయన నెత్తిన పెట్టడం సరికాదు. మా పిల్లలు చిన్న లైను చూడలేదు, వాళ్ళకి రైలంటే విశాఖ వెళ్ళే రైలే. ఆ పర్లాకిమిడి ఇంజను బజారులో తయారుగా ఎక్కడ దొరుకుతుంది? ఎన్ స్కేలు ఇంజను అడుగు భాగం కొని, పైన ప్లాస్టిక్ షీటు కోసి బాడీ కట్టుకోవాలి. ఆరు నెలల అనుభవంతో అది మొదలుపెడితే సగంలో వదిలేస్తారు. బ్రాడ్ గేజే, కానీ పొడవు ఇబ్బంది లేనిది కావాలంటే మా బొబ్బిలి–సాలూరు రైలుబస్సు కట్టండి. ఒకటే పెట్టె, ఒకటే మోటారు.

పలాస జీడితోట:
గేజ్ ఏదైనా వేయండి, ఒక్క మాట మాత్రం వినండి. కంకర కోసం సముద్రపు ఇసుక తేవద్దు. నేను భావనపాడు ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టి వేశాను, రంగు చాలా బాగా కుదిరింది. రెండు వారాలకి ఇంజను గరగరమని ఆగిపోయింది. విప్పితే మోటారు అయస్కాంతం చుట్టూ నల్ల రేణువులు. మన తీరంలో ఆ నల్ల ఇసుకలో మాగ్నటైట్, ఇల్మనైట్ ఉంటాయి, అయస్కాంతం లాగేస్తుంది. ఇప్పుడు క్వారీ రాతి పొడి జల్లించి, అందులో అయస్కాంతం తిప్పి చూసుకున్నాకే వేస్తున్నా. ఫెవికాల్‌లో అంతే నీళ్ళు, గిన్నెల సబ్బు ఒక చుక్క కలిపి వేస్తే బొట్లుగా నిలవకుండా లోపలికి దిగుతుంది.

ఇంకొకటి, బల్లకి రెండు వైపులా రంగు వేశారా? పైన మాత్రమే వేస్తే కింద నుంచి తేమ పీల్చి ప్లైవుడ్ వంగిపోతుంది. 2018 తిత్లీ తుపానులో మా రేకులు లేచిపోయి నా మొదటి బల్ల తడిసింది. పట్టాలు మళ్ళీ వాడుకున్నాను గానీ బల్ల దేనికీ పనికిరాలేదు.

విజయనగరం మేడగది:
కింద రంగు వేయలేదండీ, ఈ ఆదివారం వేస్తాను. టెక్కలి తమ్ముడూ, నీ లెక్క కాదనలేను, కానీ ఆరు నెలల పని పీకేయమంటే మనసు ఒప్పడం లేదు. రాయపూర్ లైనులో మా నాన్నగారు గ్యాంగ్‌మన్‌గా చేశారు, ఆయన చూసిన పట్టాలవి, ఆ బ్రాడ్ గేజే నాకు కావాలి.

టెక్కలి చిన్నబండి:
నాన్నగారి మాట తెలియక అన్నాను, పీకేయొద్దు. కానీ ఒక దారి ఉంది చూడండి. నౌపడలో మెయిన్ లైను, చిన్న లైను కలిసేవి కదా, స్టేషన్ అదే పెట్టుకోండి. బ్రాడ్ గేజ్‌ని గోడ వైపు తిన్నగా, ప్లాట్‌ఫాం వెనకాల పెట్టండి. అక్కడ ఎప్పుడూ పక్కనుంచే కనిపిస్తుంది, పట్టాలు సగం ప్లాట్‌ఫాం అంచే కప్పేస్తుంది, గేజ్ తేడా కంటికి రాదు. ముందు వైపు 9 మి.మీ. పట్టాల మీద చిన్నబండి తిరుగుతుంది. ఎన్ పట్టాల స్లీపర్లు (పట్టాల కింది అడ్డ దిమ్మెలు) చిన్న లైనుకి మరీ చిన్నవి, మరీ దగ్గర, ఒకటి విడిచి ఒకటి కోసేసి మట్టీ గడ్డీ కప్పండి. ఉప్పు మడులు కూడా పెట్టొచ్చు, తెల్ల సిమెంటు పలచగా పోసి.

తాటిచెట్లు కొనొద్దు. అరవై అడుగుల చెట్టు 1:87లో 21 సెంటీమీటర్లు రావాలి, మామూలుగా అమ్మే చెట్లు అంత ఎత్తు ఉండవు. వెదురు పుల్లకి కొబ్బరి పీచు చుట్టి చేసుకోండి.

బొబ్బిలి వేగావతి:
ఇది ఒప్పుకుంటాను. కానీ చిన్న లైను ముందు వద్దు, బ్రాడ్ గేజ్ పూర్తిగా నడిచాకే. రెండూ ఒకేసారి మొదలుపెడితే వైరింగ్ దగ్గరే టెన్షన్ మొదలవుతుంది.

విజయనగరం మేడగది:
గోడ వైపు తిన్నగా పెడితే చుట్టూ తిరిగే లూప్ పోతుంది, బండి ఆగకుండా తిరగడం మా అబ్బాయికి చాలా ఇష్టం. కాబట్టి లూప్ ఉంచుతాను, గేజ్ తప్పు మలుపుల దగ్గర కనిపిస్తే కనిపించనీ. ముందు అంచున ఒకటిన్నర అడుగు ఖాళీ చేయగలనేమో ఇప్పుడే టేపు పెట్టి చూశాను, పదిహేడు అంగుళాలు వస్తోంది. 9 మి.మీ. పట్టాల్లో దొరికే అతి చిన్న మలుపు వ్యాసార్థం ఎంతో చెప్పు తమ్ముడూ, బండి వెనక్కి తిప్పడానికి ఆ జాగా చాలుతుందా?

టెక్కలి చిన్నబండి:
తొమ్మిదిముప్పావు అంగుళాల మలుపు మామూలుగా దొరుకుతుంది, కానీ దానికి పందొమ్మిదిన్నర అంగుళాల వెడల్పు కావాలి. ఆ మలుపు మీ పదిహేడులో పట్టదు. అక్కడ లూప్ వద్దు, నౌపడ ఒక చివర, టెక్కలి రెండో చివర, బండి వచ్చి ఇంజనుని రెండో కొసకి మార్చుకుని వెనక్కి పోవాలి. ఆ లైనులో చివరి స్టేషన్లలో జరిగిందీ అదే.