తుపాకి తప్పుడు చేతికి చేరితే డిస్ట్రిబ్యూటర్‌ను నిలదీయాలా, వద్దా?

ఓరుగల్లు_వాసి

2025 జూన్ 5న అమెరికా సుప్రీంకోర్టు మెక్సికో ప్రభుత్వం వేసిన దావాను ఏకగ్రీవంగా కొట్టేసింది. తుపాకులు తయారుచేసే స్మిత్ అండ్ వెసన్‌తో పాటు ఒక టోకు సంస్థ మీద వేసిన కేసు అది. తమ సరుకు కొన్ని దుకాణాల గుండా డ్రగ్ ముఠాలకు చేరుతోందని తెలిసీ ఆ దుకాణాలకు అమ్ముతూనే ఉన్నారన్నది మెక్సికో వాదన. ఫలానా డీలర్ చేసిన ఫలానా అక్రమ అమ్మకానికి వీళ్లు సాయపడ్డారని దావాలో ఎక్కడా చూపలేదు కాబట్టి, తుపాకి పరిశ్రమకు ఇలాంటి దావాల నుంచి రక్షణనిచ్చే 2005 నాటి చట్టం వర్తిస్తుందని కోర్టు చెప్పింది.

చట్టం సంగతి తేలిపోయింది. న్యాయం సంగతి తేలలేదని నా అభిప్రాయం. ఫ్యాక్టరీ, డిస్ట్రిబ్యూటర్, డీలర్ అనే మూడంచెల్లో పైవాడు కిందివాడి లైసెన్స్ ఒక్కటి చూసి సరుకు పంపేస్తే సరిపోతుందా? అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఈ వ్యాపారం లోతుపాతులు తెలిసినవాళ్లు చెప్పండి.

బౌండ్‌బుక్

ముందు సరుకు ఎలా నడుస్తుందో చూద్దాం. అది తెలియకుండా బాధ్యత ఎవరిదో తేల్చలేం.

ఫ్యాక్టరీలో ఫ్రేమ్ మీద సీరియల్ నంబరు చెక్కుతారు. అక్షరాల ఎత్తు కనీసం అంగుళంలో 16వ వంతు, లోతు 0.003 అంగుళం ఉండాలి. తయారైన 7 రోజుల్లోపు రికార్డులోకి ఎక్కించాలి. అమ్మినప్పుడు పిస్టల్, రివాల్వర్ అయితే 10 శాతం, రైఫిల్, షాట్‌గన్ అయితే 11 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను తయారీదారే కట్టాలి. 1937 నాటి చట్టం కింద ఆ డబ్బు వన్యప్రాణి సంరక్షణకు పోతోంది. డీలర్ చేతికి వచ్చే ఇన్వాయిస్‌లో ఈ పన్ను విడిగా కనబడదు, ధరలోనే కలిసి ఉంటుంది.

అక్కడి నుంచి డిస్ట్రిబ్యూటర్. ఫెడరల్ చట్టంలో టోకు వ్యాపారికి ప్రత్యేక లైసెన్స్ లేదు. దేశమంతా సరఫరా చేసే గోడౌన్‌కూ, వీధి చివరి కొట్టుకూ మామూలుగా ఉండేది అదే 01 రకం లైసెన్స్, మొదటి మూడేళ్లకు 200 డాలర్లు. లైసెన్స్‌దారు నుంచి లైసెన్స్‌దారుకు సరుకు వెళ్లేటప్పుడు దుకాణంలో కొనేవాడు నింపే 4473 ఫారం ఉండదు, అతని నేరచరిత్ర చూసే ఎఫ్‌బీఐ తనిఖీ ఉండదు. డీలర్ సంతకం చేసిన లైసెన్స్ కాపీ తీసుకుని, అందులోని మొదటి 3, చివరి 5 అంకెలను తుపాకి వ్యాపారానికి లైసెన్స్‌లిచ్చే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వెబ్‌సైట్‌లోని ఈజీ చెక్ పేజీలో కొట్టి చూస్తారు. పేరు, చిరునామా, గడువు సరిపోతే ఆ చిరునామాకు సరుకు కదులుతుంది. నంబరులోనే గడువు ఉంటుంది: ఏడాది చివరి అంకె, పక్కన నెలకో అక్షరం. జనవరికి ఎ, డిసెంబరుకు ఎం. ఒకటితో పొరబాటు పడకుండా ఐ వదిలేశారు. రెన్యువల్ దరఖాస్తు సకాలంలో పెట్టినా కొత్త లైసెన్స్ రాకపోతే ఏటీఎఫ్ ఇచ్చే లెటర్ ఆఫ్ ఆథరైజేషన్ చూపాలి. అది లేక ఆర్డర్లు ఆగిపోవడం మామూలే.

కాలిఫోర్నియాకు పంపాలంటే ఇంకో మెట్టు ఉంది. బయటి రాష్ట్రం వాళ్లు ముందుగా ఆ రాష్ట్ర న్యాయశాఖ నుంచి అప్రూవల్ నంబరు తీసుకోవాలి. అది లేకుండా పెట్టె కదలకూడదు.

కాబట్టి ఓరుగల్లు వాసి గారూ, డిస్ట్రిబ్యూటర్‌కు కొనేవాడి ముఖం ఎప్పుడూ కనబడదు. అతనికి తెలిసేది లైసెన్స్ చెల్లుతుందా, డబ్బు వచ్చిందా అన్నదే. డీలర్‌ను తనిఖీ చేసే అధికారం ఏటీఎఫ్‌కు ఉంది, గోడౌన్ వాడికి లేదు.

సరళ_చికాగో

బౌండ్‌బుక్ గారూ, చెప్పినదంతా నిజమే, కానీ అసలైన ముక్క వదిలేశారు. నేరం జరిగిన చోట తుపాకి దొరికితే పోలీసులు ఏటీఎఫ్ ట్రేసింగ్ సెంటర్‌ను అడుగుతారు. అది వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది. అక్కడివాళ్లు మొదట తయారీదారును, ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్‌ను, చివరికి డీలర్‌ను అడుగుతారు. ఇలా ఆరా తీయడాన్నే ట్రేస్ అంటారు. అడిగిన 24 గంటల్లో జవాబివ్వాలి. అంటే ఫలానా దుకాణానికి పంపిన తుపాకుల గురించి మళ్లీ మళ్లీ ఫోన్లు వస్తున్నాయని మధ్యలో ఉన్నవాడికి తెలుస్తుంది. ముఖం కనబడకపోవచ్చు, లెక్క మాత్రం కనబడుతుంది.

ఆ లెక్క చిన్నదేమీ కాదు. 2000లో ఏటీఎఫ్ ఇచ్చిన నివేదికలో 1998 ట్రేసుల వివరం ఉంది. సుమారు 83,200 మంది డీలర్లు, తాకట్టు వ్యాపారుల్లో 1,020 మంది, అంటే 1.2 శాతం. వ్యాపారంలో ఉన్న డీలర్ల దాకా చేరిన ట్రేసుల్లో 57 శాతానికి పైగా వీళ్ల దగ్గరికే వెళ్లాయి. 2003 నుంచి కాంగ్రెస్ బడ్జెట్ చట్టాల్లో పెట్టిన షరతుల వల్ల ఇలాంటి వివరాలు బయటికి రావడం దాదాపు ఆగిపోయింది. జనానికి తెలియనివ్వకపోతే పోనీ, సరుకు పంపేవాడు తన దగ్గరున్నది కూడా చూడకపోతే ఎట్లా?

నల్లమల

ట్రేస్ వచ్చినంత మాత్రాన డీలర్ తప్పు చేసినట్టు కాదు సరళ గారూ. పెద్ద నగరం పక్కన ఏడాదికి వేలల్లో అమ్మే దుకాణానికి ట్రేసులు ఎక్కువే వస్తాయి. ట్రేస్ తేల్చేది మొదటిసారి దుకాణంలో కొన్నవాడిని మాత్రమే. ఆ తర్వాత అతను పొరుగువాడికి అమ్మితే చాలా రాష్ట్రాల్లో కాగితమే ఉండదు. తుపాకి దొంగతనానికి గురై ఉండొచ్చు. అమ్మిన నెలకే నేరంలో దొరికితే ఒక అర్థం, పదేళ్ల తర్వాత దొరికితే ఇంకో అర్థం. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే ఫోన్‌లో ఆ తేడా తెలియదు, సీరియల్ నంబరు చెప్పి ఎవరికి పంపారని అడుగుతారు, అంతే.

బౌండ్‌బుక్

నల్లమల గారి మాటకు ఇంకోటి కలుపుతాను. ఇప్పుడు పెద్ద కంపెనీలు చాలావాటికి ఆ ఫోన్ కూడా రావడం లేదు. యాక్సెస్ 2000 అనే ఏర్పాటు కింద తయారీదారు గానీ, టోకు వ్యాపారి గానీ తన రికార్డుల కాపీ ఉన్న సర్వర్‌ను ట్రేసింగ్ సెంటర్‌కు అందుబాటులో పెడతాడు. అక్కడివాళ్లు సీరియల్ నంబరు కొట్టి తామే చూసుకుంటారు. రాత్రింబవళ్లు నడుస్తుంది, కంపెనీలో ఎవరూ కూర్చోనక్కర్లేదు. మెచ్చుకోదగ్గ ఏర్పాటు. కానీ దానివల్లే మీరు చెప్పిన లెక్క డిస్ట్రిబ్యూటర్ కంటికి తగలడం తగ్గిపోయింది.

రికార్డు తప్పుల సంగతీ ఉంది. గోడౌన్‌లో రెండు పిస్టళ్లను పరీక్షకు బయటికి తీసి, తిరిగి పెట్టేటప్పుడు ఒకదాని పెట్టెలో ఇంకోటి పెడతారు. పెట్టె మీది లేబుల్ స్కాన్ చేసి పంపేస్తారు. కాగితం ప్రకారం ఒకటి టెక్సస్‌కూ, ఇంకోటి ఒహాయోకూ వెళ్లాయి, నిజానికి తిరగబడ్డాయి. అక్కడ డీలర్ కూడా ఫ్రేమ్ మీది నంబరు చూడకుండా ఇన్వాయిస్ చూసి రిజిస్టర్‌లో రాసేస్తే ఆ తప్పు శాశ్వతం. ఏడేళ్లకు ట్రేస్ వస్తే వెళ్లేది తప్పుడు దుకాణానికి. అందుకే పెట్టె తెరిచి, చేత్తో పట్టుకుని, ఫ్రేమ్ మీద ఉన్నది ఉన్నట్టు రాయాలి: తయారీదారు, దిగుమతిదారు ఉంటే ఆ పేరు, మోడల్, సీరియల్, రకం, క్యాలిబర్. సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ తికమక పడేది ఇక్కడే. సరుకు వచ్చిన మర్నాటి పనిదినం ముగిసేలోపు నమోదు, అమ్మిన 7 రోజుల్లోపు ఎవరికి వెళ్లిందో రెండో వైపు నమోదు. తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. అడ్డంగా ఒక గీత కొట్టి, పొడి సంతకం, తేదీ వేయాలి.

కృష్ణాతీరం

ఒక చిన్న సందేహం. ఇంత తతంగం ఎందుకు, ఫ్యాక్టరీయే నేరుగా దుకాణాలకు అమ్మితే బాధ్యత ఎవరిదో తేలిపోతుంది కదా?

నల్లమల

కొందరు అమ్ముతున్నారు. స్మిత్ అండ్ వెసన్ డిస్ట్రిబ్యూటర్లతో పాటు డీలర్లకూ, పెద్ద రిటైల్ గొలుసులకూ నేరుగా ఇస్తుంది. ఇంకో తయారీదారు రూగర్ మాత్రం ఎంపిక చేసుకున్న డిస్ట్రిబ్యూటర్ల ద్వారానే. చిన్న కొట్టువాడు ఈ వారం ఒక పిస్టల్, వచ్చే వారం రెండు షాట్‌గన్లు తెప్పించుకుంటాడు. 30 రోజుల అప్పు కావాలంటాడు. వేల సంఖ్యలో ఉన్న అలాంటి కొట్లకు అప్పులిచ్చి, ఒక్కో పెట్టె పంపి, లైసెన్స్ గడువులు చూసుకునే పని ఫ్యాక్టరీ పెట్టుకోదు. గిరాకీ పడిపోతే సరుకు పేరుకుపోయేదీ మధ్యవాడి గోడౌన్‌లోనే. ఎల్లెట్ బ్రదర్స్ అనే డిస్ట్రిబ్యూటర్ మాతృసంస్థ యునైటెడ్ స్పోర్టింగ్ కంపెనీస్ 2019 జూన్‌లో దివాలాకు వెళ్లింది. 2016 ఎన్నికల్లో హిల్లరీ గెలుస్తుందని, తుపాకుల మీద ఆంక్షలు వస్తాయన్న భయంతో జనం కొనడానికి ఎగబడతారని సరుకు నింపుకున్నారు. ఫలితం తిరగబడింది, గిరాకీ పోయింది.

ఇక పైనుంచి కట్టడి చేస్తే ఏమవుతుందో 2000లోనే చూశాం. క్లింటన్ ప్రభుత్వంతో స్మిత్ అండ్ వెసన్ ఒప్పందం చేసుకుని, తన డీలర్లకూ డిస్ట్రిబ్యూటర్లకూ ప్రవర్తనా నియమావళి పెడతానంది. కొనేవాళ్లు బహిష్కరించారు, అమ్మకాలు కూలాయి. మరుసటి ఏడాదే బ్రిటిష్ యజమాని టాంకిన్స్ దాన్ని వదిలించుకుంది.

సరళ_చికాగో

ఆ బహిష్కరణ వల్ల పద్ధతి తప్పని రుజువు కాలేదు నల్లమల గారూ. ఒక్క కంపెనీయే ముందుకొచ్చింది కాబట్టి దాన్ని ఒంటరిని చేసి కొట్టారు. నియమం అందరికీ ఒకేలా ఉంటే బహిష్కరించడానికి పక్క కంపెనీ ఉండదు. న్యూయార్క్ 2021లో చేసిన చట్టం అలాంటిదే. తయారీ నుంచి అమ్మకం దాకా ఉన్న ప్రతివాడూ తన సరుకు దారి తప్పకుండా సహేతుకమైన కట్టుదిట్టాలు పెట్టుకోవాలంటుంది.

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. డీలర్ ఖాతా తెరిచేటప్పుడు లైసెన్స్‌తో పాటు ఇటీవలి ఏటీఎఫ్ తనిఖీ రిపోర్టు కూడా అడగాలి. రిజిస్టర్‌లో ఎక్కి, అమ్మకం నమోదు లేక, అరలోనూ లేని తుపాకులు ఎన్ని అని ఆ రిపోర్టులో ఉంటుంది. పోయినవాటిని 48 గంటల్లో ఏటీఎఫ్‌కూ, స్థానిక పోలీసుకూ చెప్పడం ఎలాగూ తప్పనిసరి. అప్పు ఎగ్గొట్టే కొట్టుకు సరుకు ఆపడం డిస్ట్రిబ్యూటర్‌కు చేతనైనప్పుడు, తుపాకులకు లెక్క చెప్పలేని కొట్టుకు ఆపడం ఎందుకు చేతకాదు?

ఓరుగల్లు_వాసి

ఇది నాకు నచ్చింది. ఆచరణలో పెట్టదగ్గది.

కృష్ణాతీరం

మరి మనవాళ్లు హెచ్-1బి మీద ఉండి కొనొచ్చా? స్నేహితుడి పేరున తీసుకుంటే ఏమీ కాదని అంటున్నారు కొందరు.

బౌండ్‌బుక్

ఆ మాట అన్నవాళ్ల జోలికి పోకండి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లకు తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ ఫెడరల్ నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డ్ ఉంటే ఈ నిషేధం లేదు. అసలు కొనేది మీరేనా అన్న ప్రశ్న 4473 ఫారంలో ఉంటుంది. నిషేధం ఉన్నవాడి కోసం అని తెలిసి ఇంకొకరు తమ పేరున కొంటే 2022 చట్టం కింద 15 ఏళ్ల దాకా జైలు. గ్రీన్‌కార్డ్ స్నేహితుడు కూడా దాంట్లో ఇరుక్కుంటాడు.

సరళ గారి ప్రతిపాదనకు నా అభ్యంతరం ఒక్కటే. తనిఖీ రిపోర్టు దాపరికం లేకుండా చూపే డీలర్‌కే దెబ్బ. వేలల్లో అమ్మే చోట నాలుగు నమోదు తప్పులు దొరకడం సహజం, తనిఖీయే జరగని కొట్టుకు చూపాల్సిన కాగితమే ఉండదు. ఏటీఎఫ్ తనిఖీలు కొన్ని దుకాణాలకు ఏళ్ల తరబడి అందవు. ఆ సంగతి తేల్చకుండా డిస్ట్రిబ్యూటర్ మీద పెడితే రిపోర్టు లేనివాడికే సరుకు ముందు వెళ్తుంది.

సరళ_చికాగో

అయితే రిపోర్టు లేనివాడిని తన రిజిస్టర్‌కూ, అరలో ఉన్న సరుకుకూ తానే సరిచూసి సంతకం చేసి పంపమనండి. ఏడాదికోసారి స్టాక్ లెక్క ఏ కిరాణా కొట్టయినా చేసుకుంటుంది. లెక్క అబద్ధమని తర్వాత తేలితే ఖాతా మూసేయండి.