ఎం.ఎస్సీ. జువాలజీ తర్వాత అడవి పరిశోధన: చేతికి ఎంతొస్తది?

హన్మకొండ జువాలజీ:
కేయూలో (కాకతీయ యూనివర్సిటీ) ఎం.ఎస్సీ. ఈ ఏడు అయిపోతది. కవ్వాల్, ఏటూరునాగారం అడవుల దిక్కు వన్యప్రాణుల పరిశోధనకు పోవాలనుంది. ఇంట్ల బీఈడీ అంటున్నరు. జీతం ఎట్లుంటది? ముందుగాల ఏం చెయ్యాలె?

పాకాల గట్టు:
తమ్మీ, మొదలు సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్ష రాయి. దాంతోని జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేటోళ్లకిచ్చే జూనియర్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేండ్లకు ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) వేరే ఇస్తరు. కేంద్రం అద్దె భత్యం లెక్కల వరంగల్ 'వై' కేటగిరీ నగరం కాబట్టి 20 శాతం, అంటే 7,400. హాస్టల్ల ఉంటే అది రాదు. డీఏ, పీఎఫ్ ఏమీ ఉండయి. పైసలు నెలనెలా పడతయనుకోకు, మూడు నెలల ఖర్చు చేతిల పెట్టుకో.

పరీక్ష 200 మార్కులు. పార్ట్ సీలో 75 ప్రశ్నలకు 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు, తప్పుకు పావు వంతు కోత. ఎకాలజీ 10వ యూనిట్, పరిణామం, ప్రవర్తన 11వది. బయోకెమిస్ట్రీ వెంటపడి వీటిని వదిలేస్తే అడవి మీద మోజు ఉండి లాభమేంది?

కవ్వాల్ ట్రాక్:
నెట్ ఉన్నా పని రాకుంటే ప్రాజెక్టుల్లో నిలబడరు. కెమెరా ట్రాప్ (జంతువు ముందుకొస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా) సంగతే తీసుకోండి. ఏ పులో చారలతోనే గుర్తుపడతరు, పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్కవి వేరు. అందుకే బాటకు రెండు దిక్కులా ఒక్కో కెమెరా, మోకాలెత్తున, బాట నుంచి మూడు నాలుగు మీటర్ల దూరంలో కట్టాలి. సూటిగా ఎదురెదురుగా పెడితే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాన్ని తెల్లగా చేస్తది, కొంచెం పక్కకు జరపాలి. రెండింటి గడియారాలు కలవకుంటే ఫొటోలు జతపడవు. ముందు గడ్డి కొయ్యకపోతే గాలికి కదిలి కార్డు నిండుతది, మిగిలింది పశువుల మందలు నింపుతయి. ఏప్రిల్, మే ఎండల్లో నేల వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరపడి సెన్సర్ పట్టదు. అప్పుడు 'జంతువు లేదు' అని రాస్తే లెక్క తప్పు.

ఆ డేటాను 'ఆర్' అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో వేసి సాంద్రత (ఇంత అడవికి ఎన్ని జంతువులని) తీయగలిగితే మీ విలువ వేరే. బేస్ క్యాంపుల్లో గోండు, కొలాం వాచర్లతో పని, గోండి నాలుగు మాటలు వస్తే ఇంకా మంచిది.

స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు ముగిస్తే జీతం ముగిసినట్టే. చేరేముందే కాంట్రాక్టు ఎన్ని నెలలు, బండి పెట్రోలు ఎవరిది, పాము కరిస్తే బీమా ఉందా అని కాగితం మీద అడగండి.

నీలుగాయి:
పర్మినెంట్ కావాలంటే కేంద్ర పరిశోధన సంస్థల్లో సైంటిస్ట్-బి మొదటి మూల వేతనం 56,100, యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ది 57,700, పైన డీఏ, హెచ్ఆర్ఏ. ఖాళీలు మాత్రం వేళ్ల మీద లెక్క. ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) కూడా 56,100తోనే మొదలు, జువాలజీ డిగ్రీ సరిపోతది. కానీ అది అడవిని నడిపే కొలువు, పరిశోధన కాదు.

హన్మకొండ జువాలజీ:
సరే అన్నా. బీఈడీ అప్లికేషన్ ఆపి నెట్‌కు కడుతున్న. 'ఆర్' కూడా ఇప్పుడే మొదలుపెడత.